రసీదు నంబరు 30,031

నల్లగొండల బీఎస్సీ లెక్కలు చదివి
మిర్యాలగూడ బైపాస్ ధర్మకాంటల
రాత్రి డ్యూటీ చేస్తున్న.

ముప్పై వేల ముప్పై.
రసీదు మీద అంకె చూసి చెయ్యాగింది.
రెండు, మూడు, ఐదు, ఏడు, పదకొండు, పదమూడు
ఒకదానితో ఒకటి గుణిస్తే వచ్చేది ఇదే.
ఆరుగురు పాలోళ్లల్ల ఎవరొచ్చి పంచుకున్నా
ఒక్క గింజ మిగలది.
లారీ డ్రైవరు దాన్ని బీడీకట్టతో పాటు
జేబుల కుక్కుకొని పోయిండు.

ఎనకాల దామరచర్ల ట్రాక్టరు,
ధీరావత్ పీక్లా, తడి వడ్లు.
ముప్పై వేల ముప్పై ఒకటి.
ఆ ఆరింటిల దేంతో భాగించినా
ఒకటి మిగులుతనే ఉంది.

"ఇది ఎవ్వరికీ తెగది" అన్న.
"మా వడ్లకు క్వింటాలుకు ఆరు కిలోల తరుగు తీస్తరు,
దీన్ని ఊకె ఇడిసిపెడ్తరా?"
అన్నడు పీక్లా.

నవ్విన గని
ఆ మాట కుదురుగ కూసోనియ్యలే.
రసీదు బుక్కు ఎనక అట్ట మీద
పదిహేడు. పందొమ్మిది. ఇరవై మూడు.
నడుమ మూడు లారీలు, చల్లారిన చాయ్,
కరెంటు పోయి వచ్చింది.
నలభై ఏడు ఓడింది.
యాభై మూడు ఓడింది.

మబ్బుల
యాభై తొమ్మిది మెల్లగ లోపలికి దిగింది.
అవతల ఐదు వందల తొమ్మిది.
శేషం సున్న.

బయటికొచ్చి చూస్తే
మిల్లు గేటు కాడ లైను కదల్లే.
పీక్లా ట్రాలీల వడ్ల మీదనే
మోకాళ్లు ముడుచుకొని పండుకున్నడు.
నువ్వన్నదే నిజమైందని
లేపి చెప్పబుద్ధి కాలే.

ఆయనకు తరుగెంతనో
మిల్లోళ్లు ఇంకా తేల్చలే.