క్రావడి

మొదటి సోమవారం కోమళవల్లి మేడమ్
పాఠం చెప్పలేదు.
మా కళ్ళద్దాలకి వాజిలీను పూసింది,
చెవుల్లో దూది కుక్కింది,
బూట్లలో గుప్పెడేసి శనగలు పోయించి
"రెండో అంతస్తులో గోడకి మందుల చీటీ అంటించాను,
చదువుకుని రండి" అంది.

పదకొండు మందిమి.
మెట్ల మలుపులో వార్డుబాయి ఏదో అరిచాడు.
తిట్టాడో, దారిమ్మన్నాడో, నాకిప్పటికీ తెలీదు.
ఊరికే నవ్వాను.
వినపడనివాళ్ళు ఎందుకలా నవ్వుతారో
ఆ మలుపులో తెలిసింది.

తెలిసిందనే అనుకున్నాను.

అక్టోబరు వాన. కాశిమేడు చేపల వాసన
కిటికీ ఎక్కి ఓపీలోకి దిగిన రోజు.
డెబ్భై ఎనిమిదేళ్ళ మునిరత్నం,
వెంట డెబ్భై రెండేళ్ళ చెల్లెలు.
ఆయన నోరు తెరిచేలోగా ఆవిడ జవాబు:
"మతి పోతాండాది డాక్టరమ్మా,
పొయ్యి మీద పాలు పెట్టి మరిచినాడు."
నేనూ ఆవిడనే అడిగాను
తింటున్నాడా, నిద్రపోతున్నాడా అని.
ఆయన అక్కడే, కుర్చీలోనే,
మా ఇద్దరి మాటల్లో మూడో మనిషి.

కాగితం ఇచ్చాను. గడియారం గీయండి తాతా,
పదకొండూ పది చూపించండి.
చాలాసేపు గీశాడు.
బయట ఇంకా నలభై టోకెన్లు.
గుండ్రం బాగానే వచ్చింది, లోపల
అంకెలన్నీ మొహం తిప్పుకున్నాయి.
పన్నెండుకి ఎడమన ఒకటి,
ముళ్ళు ఒంటిగంటకి పది తక్కువలో.
సున్నా వేశాను.
సున్నాకి ఎంతసేపు పడుతుంది?

మేడమ్ వచ్చి స్టూలు లాక్కుంది,
ఆయన కళ్ళ ఎత్తుకి దిగేదాకా
దాని మర తిప్పుతూనే ఉంది.
చెల్లెలికేసి అరచెయ్యి ఎత్తింది, కాస్త ఆగమన్నట్టు.
"ఏం పని చేసేవారు?"

టంకసాల వీధిలో అచ్చాపీసు.
ముప్పై తొమ్మిదేళ్ళు కంపోజింగు.
సీసం అక్షరాలు,
తలకట్టుది ఒక గడి, ఒత్తుది ఒక గడి,
అన్నీ ఎదురు తిరిగినవే.
"తిప్పి పేరిస్తేనే గదమ్మా తిన్నగా పడేది."

మేడమ్ ఆ కాగితం వెనక్కి తిప్పి
కిటికీ అద్దానికి ఆనించింది.
వాన వెలుతురులో
పదకొండూ పది.

"పాలు పొంగింది మాత్రం నిజం" అంది చెల్లెలు.

నేను సంతోషపడబోయాను.
"ఇందాక మూడు మాటలు చెప్పావుగా, అడుగు."
తాళం, అన్నాడు. అరటికాయ, అన్నాడు.
మూడోదాని కోసం కిటికీకేసి చూశాడు,
అక్కడా లేదు.
"మరుపు ఉంది" అంది మేడమ్ నాతో, నెమ్మదిగా,
"ఎంతో తేలాలంటే ముందు ఆ సంచీ విప్పు."

పసుపు గుడ్డసంచీ.
నలుగురు డాక్టర్లు, పదమూడు అట్టలు,
ఒకే నిద్రమాత్ర రెండు పేర్లతో.
మందు రాయడం అయిదేళ్ళు నేర్పారు నాకు.
కొట్టెయ్యడం ఆ బల్ల మీద మొదలైంది.
ఒకటి పూర్తిగా, ఒకటి సగానికి,
ఇంకొకటి వచ్చే వారం చూద్దామని.
నా సున్నా కూడా కొట్టేయించి
పక్కన సంతకం పెట్టమంది.

చీటీ తెలుగులో రాశాను, లావు అక్షరాల్లో.
బల్లకి అవతల కూర్చుని
తలకిందులుగానే చదివేశాడు:
"రాతికి సగం మాత్రా?"

చూసుకున్నాను.

"క్రావడి జారినట్టుండాది డాక్టరమ్మా"
అని నవ్వాడు,
వినపడక నవ్వే నవ్వు కాదది.
కలం ఇమ్మని చెయ్యి చాపాడు.
వణుకుతూనే, కాగితం తిప్పకుండానే,
తన వైపు నుంచే
నా త కింద పెట్టాడు దాన్ని,
తిన్నగా.