నడిమి మాట

నీలం బోర్డుకి రెండు కోటింగులు వేసి
అక్షరాల కోసం పసుపు రంగు కలుపుతున్నాను.
శాలిహుండం కొండ మీది గాలికి
బ్రష్షు వెంట్రుకలు కూడా మాట వినవు.

ఆఫీసువాళ్ళిచ్చిన కాయితంలో
ఊరి పేరుకి రెండు పుట్టుకలు.
శాలివాటిక అట, వడ్లు పోసుకునే చోటు.
శల్యపేటిక అట, ఎముకలు దాచిన పెట్టె.
బోర్డు మీద జాగా ఒక్కదానికే.
ఏది రాయాలో కాయితం చెప్పలేదు,
కాంట్రాక్టరు ఫోనెత్తలేదు.

దాలమ్మ స్తూపం ఇటికల సందుల్లో గడ్డి పీకుతోంది.
రోజు కూలి మనిషి. కొడవలి పట్టదు,
ఇటిక్కి గీత పడుతుందని చేత్తోనే.
"అమ్మా, మీ ఊరు వడ్లదా, ఎముకలదా?"

నవ్వుతుందనుకున్నాను.
నడుమెత్తి వంశధార వైపు చూసింది.

"మా గుంటడి అయ్య పారాదీపుల పోయినాడు బాబూ.
బస్సులో వొచ్చేడు, ఇంత మూట.
ఆ వారం ఏరు ఒడ్డు దాటీసింది,
దిగితే మడిసి దక్కడు.
బయట కడదామంటే వాన, ఇంట్లో ఎలకలు.
తొమ్మిది దినాలు
గరిసెలో ఇత్తనపొడ్ల నడుమ ఎట్టేను.
పైన పసుపు గుడ్డ.
తెమ్మ తగల్లేదు."

"తరవాత?"
"ఏరు తగ్గింది. కలిపీసేను."
"వడ్లు?"
"ఏటి సేస్తాను? జల్లేను.
పక్కనెవుడు తొంగున్నాడో గింజకి తెలుస్తాదేటి?"
మళ్ళీ గడ్డిలోకి వొంగింది.

అక్షరాల సైజు తగ్గించాను.
రెంటికీ మొదట అదే శ, వెనకే ల.
దీర్ఘమిచ్చి గుడి కడితే గింజ,
య వత్తు తగిలిస్తే ఎముక.
తేడా అంతా బ్రష్షు ఒక్క విసురు.
రెండూ పట్టించి
మధ్యలో వేలెడు మాట ఒకటి ఇరికించాను.

పొద్దు వాలేక, గంప చంకనెత్తుకుని
దాలమ్మ బోర్డు ముందు ఆగింది.
"ఏటి రాసీసినావు? సదువు."

"శాలివాటిక. వడ్ల కొట్టు.
లేదా"
అక్కడ లైను తిరగాలి. గొంతులో టర్పెంటైను.
ఆగాను.

"ఎందుకు లేదూ," అంది
గంప ఇంకో చంకకి మార్చుకుంటూ,
"ఉన్నాది."

కింది లైను చదవమని అడగలేదు.
మెట్లు దిగిపోయింది.
పసుపింకా తడిగానే ఉంది.
ఆమె గంపలోంచి లేచిందో ఏమో
ఓ గడ్డిపోచ వచ్చి య వత్తుకి అంటుకుంది.
తీస్తే అక్షరం చెదురుతుంది.
ఉంచేశాను.