రెండు ఫుల్లు, మూడు హాఫు

అండాలొదిన దేవరకొండ డిపోల కండక్టరు.
ఆదివారం డ్యూటీ లేకుంటే
పొద్దుగాల్నే మా గేటు ముందర స్కూటీ హారను.
"నడువ్, మళ్ల ఎండ ముదురుతది."
నా చేతిల సద్దిగిన్నె,
ఆమె మెడల సంతల బేరమాడి కొన్న దుర్బిణి.
ఒక కన్నే పనిచేస్తది దానికి.

మా ఆయన గడపల నిలబడి నవ్వేటోడు:
"గూబల కోసం రెండు గూబలు బయల్దేరినయి."

మొదటిది ఖిలా కింద దొరికింది.
కూలిన బురుజు సందుల, నీడ చల్లగున్న కాడ
రాయనుకున్నం.
రాయి కన్ను తెరిచింది.
మాగిన తునికిపండు రంగు కన్ను.
నెత్తి మీది రెండు ఈకల కొమ్ములు
గాలికి కాదు, మా గుసగుసకు కదిలినయి.
వదిన దుర్బిణి నాకియ్యలే.
నేనూ అడగలే.

దీని కూత ఇనబడితే మా నాయనమ్మ
పొయ్యిల ఉప్పు చల్లేది.
ఆ చిటపటలే అప్పటిదాంక నాకు తెలిసిన గూబ.
ఇదేమో ఒక్క మాటన్నా అనకుండ
తల మెల్లగ తిప్పి
మమ్మల్నిద్దర్ని కాళ్ల నుంచి కొప్పు దాంక చదివి
మళ్ల కన్ను మూసుకుంది,
పనికొచ్చే ముచ్చటేం లేదన్నట్టు.

డిండి తొవ్వల ఇప్పచెట్టు తొర్రల పైడికంటెలు.
పిడికెడంత పిట్టలు, ముఖమంతా కండ్లే.
"రెండు ఫుల్లు, మూడు హాఫు"
వదిన పాత వేబిల్లు వెనుక రాసుకున్నది.
మేం అటు నడిస్తే అయిదు తలలూ అటు,
ఇటొస్తే ఇటు.
"చెకింగు జీపొస్తే ఫుట్‌బోర్డు పోరగాండ్లు
గిట్లనే చూస్తరు," అన్నది.
నవ్వాపుకోలేక నేను కూలబడ్డ కాడ
బూడిదరంగు ఉండలు.
పుల్లతోని విప్పితే ఎలుక దవడ,
మిడత కాలు, పెంకుపురుగు రెక్క తళుకు.
టిఫిను మూతల పెట్టి బడికి పట్కపోయిన.
సోమవారం నా సైన్సు పీరియడుల
ఎవ్వడూ చిటికెన వేలు చూపించి బయటికి పోలే.

ఒకసారి ఆమె పాసు మీద, నా టిక్కెట్టు మీద
మక్తల్ దాటి కృష్ణ ఒడ్డుకు పోయినం.
జింకలు చూపిస్తనని ఎంటొచ్చిన రైతు
హన్మిరెడ్డి తొవ్వంతా తిట్టుకుంటనే నడిచిండు:
కంది మొలకలు మిగులనియ్యవు,
రాత్రి కావలి, పగలు కావలి, అప్పు అట్లనే ఉన్నది.
గట్టెక్కంగనే గొంతు తగ్గించిండు.
నల్ల మగజింక ఎగిరింది,
వాగు లేని కాడ వాగు దాటినట్టు.
"నా కంది తినే గంత ఒళ్లు చేసింది సూడుండ్రి,"
అన్నడు, కొడుకు గురించి చెప్పినట్టు.
మేం నవ్వలే ఆ మాటకు.

అలుగును మాత్రం ఎన్నడూ చూడలే.
మన్ననూరు దిక్కు నాలుగుసార్లు పోయినం.
నాలుగోసారి చూసినమని ఇంట్ల చెప్పినం.
బంతి తీరు ముడుచుకున్నదని వదిన చేతులు తిప్పి చూపిస్తే
నాకే నిజమనిపించింది.
ఇప్పటికీ సగం నమ్ముత.

రోడ్డు ఎడల్పు చేసినప్పుడు ఇప్పచెట్టు పోయింది.
మోకాళ్లరిగి వదిన బస్సు దిగి
డిపో గదిల రిజిస్టరు ముందు కూసున్నది.
స్కూటీ మేనల్లుడు నడుపుతుండు, హారను మార్చిండు.

నిన్న నల్లగొండ నుంచి ఆఖరి బస్సుకొచ్చిన.
షెడ్డు కింద, ఎలుగని ట్యూబులైటు పట్టీ మీద
ఎవరో చిల్లర గలగలలాడించినట్టు
కిచకిచ.
రిజిస్టరు నుంచి తలెత్తకుండనే
వదిన ఒక వేలు లేపింది.
"ఒక ఫుల్లు. వారం నుంచి టిక్కెట్టు తియ్యకుండ కూసున్నది.
దిగుమని నువ్వన్నా చెప్పు."

నేను సంచి కింద పెట్టిన.
ఇంటికి పోయే తొందర
ఇద్దరికీ లేకుండె.