నాలుగు గళ్ళ పేరు

గ్రిమ్స్‌బీ మార్కెట్లో నా కొట్టు
ఒక మంచం పొడుగు ఉంటుంది, అంతే.
ఎడమ పక్క హాడక్ చేపలు, కుడి పక్క కర్టెన్ గుడ్డలు,
మధ్యలో నేనూ, సోల్డరింగ్ ఐరనూ,
మూలపడ్డ ఆటలూ.

పాత కాట్రిడ్జ్ విప్పితే లోపల
బొట్టుబిళ్ళంత బ్యాటరీ.
ముప్ఫై ఏళ్ళుగా దానికి ఒకటే పని:
ఎవరో పిల్లవాడు ఎక్కడ ఆగాడో గుర్తుంచుకోవడం.
అది మార్చేటప్పుడు పక్కనుంచి కరెంటు అందిస్తూ ఉండాలి.
చెయ్యి వణికిందా
ఊరూ కోటా కత్తీ పేరూ అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి.
ఇంతవరకూ రెండుసార్లు వణికింది.
ఆ రెండు మొహాలూ ఇప్పటికీ గుర్తు.

నవంబరులో వచ్చాడు గ్లెన్.
చేపల కోల్డ్ స్టోరేజీలో పని, వేళ్ళు ఎర్రగా పగిలి.
"ఇందులో పోయినదాన్ని తెప్పించగలవా?"
"ఎప్పుడు పోయింది?"
"తొంభై మూడులో. పోలేదు. నేనే చెరిపాను."

అన్నకి పదిహేను అప్పుడు, ఇతనికి పదకొండు.
అన్న ఆడినవి అరవయ్యొక్క గంటలు.
ఎందుకు చెరిపావంటే చాలాసేపు ఆలోచించి
"సాసేజ్ రోల్‌లో సగం ఇవ్వలేదని" అన్నాడు.
చేపల గెరాల్డ్ పక్కనుంచి పకపకా నవ్వాడు.
గ్లెన్ నవ్వలేదు.
తర్వాత ఇంకా పెద్దవి జరిగాయట:
తల్లి ఇల్లు అమ్మిన డబ్బు, ఎవరి పెళ్ళిలోనో ఒక మాట.
"వాటికి ఏం చెప్పాలో తెలీదు.
దీనికైతే తెలుసు."

చెరిగింది రాదన్నాను.
అయితే మళ్ళీ ఆడతానన్నాడు.
శనివారాలు, నా స్టూలు మీద,
మోకాళ్ళు గల్లాపెట్టెకి తగులుతుంటే.

పేరుకి నాలుగే గళ్ళు.
కీథ్‌కి వాళ్ళ అక్షరాలు అయిదు.
చివరిది పట్టక, మహాప్రాణం రాలిపోయి
కీట్ అయ్యాడు అన్న.
ఆ రోజుల్లోనూ అంతేనట.
కీట్ కీట్ అని వీధంతా ఏడిపించేవాడట ఇతను.

ఆటలో ప్రాణాలు మూడు.
ఏలూరు బస్టాండు వెనక వీడియో గేముల షాపులో
నాకూ రూపాయికి మూడే ఇచ్చేవాళ్ళు.
పంచప్రాణాలని బళ్ళో మాస్టారు చెప్తే
మిగతా రెండూ షాపువాడు కొట్టేశాడనుకున్నాను.

గ్లెన్‌కి ఆడటం రాదు.
అన్న భుజం మీంచి చూసినవాడే గాని
చేతికి ఎప్పుడిచ్చాడు గనక.
"ఇక్కడ ఎడమకి తిరిగేవాడు,
ఈ గోడ దగ్గర ఈల వేసేవాడు" అంటూ
చచ్చి, లేచి, మళ్ళీ చచ్చి.
అన్న ముట్టని పెట్టె ఇతనూ ముట్టడు,
అందులో మందుందని నాకు తెలుసు, అతనికీ తెలుసు.

ఫిబ్రవరి ఆఖర్న, ఆఖరి తలుపు ముందు ఆగాడు.
"తెరువు, చూద్దాం" అన్నాడు గెరాల్డ్, చేతిలో చేప కత్తితోనే.
"ఇక్కడిదాకానే వచ్చాడు వాడు."
సేవ్ చేసి గంటలు చూశాం. డెబ్బై నాలుగు.
పదమూడు ఎక్కువైనందుకు సిగ్గుపడ్డాడు.

పాత బ్యాటరీ కొసప్రాణంతో ఉంది,
నాలుగు నెలలు ఎలా ఈడ్చిందో.
కొత్తది వేశాను.
గెరాల్డ్ కూడా ఐసు చల్లడం ఆపి చూశాడు.
చెయ్యి వణకలేదు.

అన్న ఉండేది హంబర్ అవతల, హల్‌లో.
వంతెన దాటితే గంట కూడా పట్టదు.
గ్లెన్ వెళ్ళాడో, పోస్టులో వేశాడో, సొరుగులో పెట్టుకున్నాడో
నేనడగలేదు. శనివారాలు రావడం మానేశాడు.
స్టూలు మీద ఇప్పుడు టీ ఫ్లాస్కు పెడుతున్నాను.

ఏప్రిల్లో ఒక ఫోను. బొంగురు గొంతు.
పాత కన్సోలుకి టీవీ తీగ ఉందా అని.
ఉంది, ఎనిమిది పౌండ్లు,
ఎవరి పేరున పక్కన పెట్టమంటారు?
ఒక్కో అక్షరమే చెప్పాడు. కె. ఇ. ఐ. టి.
ఆ పైన లైను తెగిందో
అక్కడికే ఆగాడో.

తీగ చుట్టి కవరులో పెట్టాను,
పైన నాలుగక్షరాలే రాసి.
ఇంకా ఎవరూ రాలేదు.