డ్రాయర్లో ఒక రాత్రి

చేరిన మొదటి వారం
"తాగునీటి ఎద్దడి మిక్కిలి తీవ్రముగా ఉన్నందున" అని రాసి తీసుకుపోతే
నాగలింగప్ప సారు కండ్లద్దాలు నుదుటి మీదికెత్తి
"మిక్కిలి అంటే ఎన్ని బిందెలమ్మా?" అన్నాడు.

నాకు తెలీదు.
ఆ మధ్యాహ్నమే బెళుగుప్ప బస్సెక్కించినాడు.
ఇంటికి నాలుగు బిందెలు, మూడు దినాలకొకసారి.
అదే రాసినాను. ట్యాంకర్లు కదిలినాయి.

అనంతపురంలో మే నెల, నీటి సరఫరా డివిజన్ ఆఫీసు.
ఫ్యాను గాలికి కాగితాలెగరకుండా
ఆయన బల్ల మీద
నీళ్ళు పడని బోరులోంచి వచ్చిన రాతిముక్క.

ఏదీ పాఠంలా చెప్పలేదు.
ఉగ్గాని తింటా ఒకటి,
తపాలా రిజిస్టరు తిప్పుతా ఇంకొకటి.
ఒక జాబులో రెండు సంగతులు పెట్టొద్దు,
ఇద్దరు గుమాస్తాలూ నాది కాదంటారు.
"వెంటనే" అని రాయాకు, తేదీ రాయి,
వెంటనే అనేది క్యాలెండర్లో యాడా లేదు.
జవాబు రాలేదని అలగొద్దు;
పాత నంబరు సూచికలో ఎక్కించి మళ్ళీ రాయి,
మూడోసారికి ఆ నంబర్లే మాట్లాడతాయి.
"ప్రతులు ఎవరెవరికి" అనే చివరి వరసలోనే ఉంది కత్తి,
ఊరికే దూయొద్దు.
కోపమొచ్చిన పొద్దు రాసింది మాత్రం
డ్రాయర్లో ఒక రాత్రి పండుకోనీ.

రిటైరై పదకొండు నెలలు.
మొన్న కౌంటరు అవతల నిలబడినాడు,
జేబులో పెన్ను లేదు.
సర్వీసు పుస్తకంలో
ఉరవకొండ రెండేండ్ల పేజీ కనపడదంట,
పింఛను ఆడ ఆగిపోయింది.

నాలుగు పేజీల అర్జీ.
విషయం: నాకు జరిగిన ఘోరమైన అన్యాయం.
సూచిక: ఖాళీ.
"వెంటనే" ఏడుసార్లు.
పింఛనూ, ఆస్పత్రి బిల్లూ,
ఎప్పుడో ఒక సూపర్నెంటు అన్న మాటా
ఒకే పేరాలో.
ప్రతులు కలెక్టరు నుంచి ముఖ్యమంత్రి దాకా.
సంతకం మటుకు ఎప్పటి మాదిరే, నిటారుగా.

నేనేమీ అనలేదు.
మడిచి డ్రాయర్లో పెట్టి తాళం వేసినాను.
ఆ చప్పుడు విన్నాడు.
చానాసేపటికి,
"నేనేనా చెప్పింది అది?"

తెల్లారి ఆఫీసు తెరవకముందే మెట్ల మీద ఉన్నాడు.
"జీతాల రిజిస్టరు ఉంటాదమ్మా ఉరవకొండలో,
నంబరు గుర్తుకొచ్చింది, రాసుకో."
పెన్ను ఆయనకే ఇచ్చినాను.

"చాలాకాలముగా పింఛను అందక" అని మొదలుపెట్టినాడు.
ఆ మొదటి మాట మీద వేలు పెట్టినాను.
నన్ను చూడకుండానే కొట్టేసి
"పదకొండు నెలలు" అని రాసినాడు.