చప్పనీళ్లు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నవాళ్లు
బోటు కొని చూడమని ఎందుకు అనలేదో
కోవళం రేవులో మొదటి ఆదివారమే తెలిసింది.

మల్లెపువ్వులా ఉంది ఆ మొదటిది.
తెల్ల తోలు సోఫాలు, నీలం దీపాలు, చిన్న ఫ్రిజ్జు.
మా ఆయన కోదండపాణి చెప్పులు విడిచి ఎక్కాడు,
గుళ్లోకి వెళ్తున్నట్టు.
బ్రోకరు తాళం తిప్పీ తిప్పకముందే
ఇంజను పలికింది.

ఆరోగ్యం మాత్రం పలకలేదు.
కాసిమేడులో ముప్పై ఏళ్లుగా చేపల బోట్ల ఇంజన్లు విప్పుతున్నవాడు.
వాళ్ల నాన్న పెట్టిన పేరే అది, ఆరోగ్యం.
రోజుకి మూడు కట్టల బీడీలు కాలుస్తాడు.
మూత ఎత్తి, అరచెయ్యి ఆనించి
జ్వరం చూశాడు.
"వెచ్చగా ఉందమ్మా.
మనం రాకముందే లేపి కూర్చోబెట్టారు దీన్ని."
పెళ్లిచూపుల పౌడరన్నమాట, అని నవ్వబోయి ఆగాను.
తిరువొత్తియూరులో ఒక సాయంత్రం
నాకూ పూశారు.

తర్వాత నాలుగు ఆదివారాలు.
ముట్టుకాడులో ఒకదానికి గంటల మీటరు
ఆరువందల పదకొండు దగ్గర ఆగిపోయింది,
సీటు మాత్రం ఆరువేల గంటలు కూర్చున్నట్టు కుంగిపోయింది.
ఇంకోదాని కాగితాలు వేరే బోటువి.
ప్యారీస్‌లో మా లారీ స్పేరుపార్టుల కొట్టు లెక్కలు నావే,
ముద్ర వంకర నాకు దూరం నుంచే కనబడుతుంది.

ఆయన ప్రతిచోటా వేగం అడిగేవాడు.
పిల్లలు పైకప్పు మీద పడుకోవచ్చా అని.
బాత్రూములో తలుపు మూసుకుని
చీర సర్దుకునేంత చోటుందా అని నేను.
బ్రోకర్లు నా ప్రశ్నకే తడబడేవాళ్లు.

ఎన్నూరు మొగ దగ్గరికి మా అత్త ఆండాళమ్మ ఊరికే వచ్చింది,
కారులో చోటుందని.
టార్పాలిను లాగితే ముప్పై అడుగుల ముసలిది,
పాత పళ్ల రంగు.
ఇంజను చల్లగా ఉంది. రెండుసార్లు మొరాయించి
మూడోసారి దగ్గి, నల్లగా ఊపిరి వదిలి
కుదురుకుంది.
ఆరోగ్యం రూపాయి బిళ్లతో ఒళ్లంతా తట్టాడు,
కొబ్బరికాయ బేరమాడుతున్నట్టు.
ఒకచోట మొద్దుగా మోగితే
సుద్దముక్కతో సున్నా చుట్టాడు.

అడుగు పలక ఎత్తితే
జానెడు నీళ్లు.

ఆయన మొహం వాడిపోయింది.
బ్రోకరు వెంటనే సాయంత్రపు గాలి గొప్పతనం ఎత్తుకున్నాడు.
మా అత్త వంగింది. వేలు ముంచింది.
నాలిక మీద పెట్టుకుంది.
"అమ్మా, డీజిలే!" అని కొడుకు అరిచేలోపు
పులుసులో ఉప్పు చూసినట్టు కళ్లు మూసుకుని
"చప్పగా ఉంది" అంది.
"వాననీళ్లు. సముద్రం లోపలికి రాలేదు.
పైనుంచి కారితే ఏముంది, మన మేడ కారడం లేదూ?"

ఆరోగ్యం నోట్లోంచి బీడీ తీశాడు.

తొమ్మిదేళ్లప్పుడు తడ నుంచి
సరుగుడు కట్టెల పడవ మీద
కాలవలో వచ్చిందట పట్నానికి.
రాత్రిళ్లు మేనమామ లేపి
అడుగునీళ్లు రుచి చూడమనేవాడట,
పిల్లల నాలిక అబద్ధమాడదని.
ఇరవై రెండేళ్లుగా ఒకే పొయ్యి దగ్గర నిలబడ్డాం
ఆవిడా నేనూ.
ఎన్నడూ చెప్పలేదు ఈ మాట.
నేను అడిగిందీ లేదు.

తొమ్మిది లక్షలన్నాడు.
సుద్ద సున్నా చూపించి చూపించి
ఏడున్నరకి దింపాను.
బాత్రూములో నా మోకాలు తలుపుకి తగులుతోంది,
చీర సంగతి దేవుడెరుగు.
సరేలే అనుకున్నాను.

అందరం దిగినా మా అత్త దిగలేదు.
వెనక బల్ల మీద కూర్చుని
కాలవ వచ్చి కలిసే వైపే చూస్తోంది.
పిల్లలు ఆకలంటే అప్పుడు లేచి
అంచు మీంచి తూ అని ఉమ్మేసి
ఒక గోలీసోడా అడిగింది.
"డీజిల్ కూడా తగిలిందిలే," అంది నాతో మాత్రమే,
"కొంచెం."