చీటీలో కుడి సగం

తొమ్మిదేళ్లుగా మందుల వ్యాను తోలుతున్నాను.
మా బ్లైనై ఫెస్టీనియోగ్‌లో వాన వార్త కాదు.
మూడు దిక్కులా పలకరాతి గుట్టలు,
నాలుగో దిక్కున మా షాపు.

ఇరవై ఎనిమిది రోజులకొక మంగళవారం
డిలిస్ గెథిన్ గారి గుమ్మం.
కాగితపు సంచీలో ఏడు పెట్టెలు.
తలుపు సగమే తీస్తుంది.
"వానేనా?"
"వానే."
సంతకం. అంతే.

ఆ సంచీ బరువు నా చేతికి కంఠతా వచ్చు.
ఇన్నేళ్లలో తులమెత్తు తేడా లేదు.
తేడా వచ్చింది అందుకునే చేతికి.
బేకరీలో ముప్పయ్యేళ్లు పిండి పిసికిన చెయ్యి,
మొదట్లో నా వేళ్లు నలిగేవి.
ఇప్పుడు ఉంగరం జారిపోకుండా
దానికి నీలం దారం చుట్టుకుంది.
చూశాను. చూసి, వ్యానెక్కాను.

చీటీకి రెండు సగాలుంటాయి.
ఎడమది షాపుకి, కుడిది మనిషికి.
కుడి సగం అడుగున, చీమతలంత అక్షరాల్లో,
ఫలానా తేదీలోగా వచ్చి కనబడమని ఉంటుంది.
ఆ తేదీ మీదుగా మూడు క్రిస్మస్‌లు నడిచిపోయాయి.
ఆమె దాన్ని పాల బిల్లులతో కలిపి డ్రాయర్లో వేసేది.
నేను చదవడం నా పని కాదనుకునేవాణ్ణి.

ఫిబ్రవరిలో తలుపు తెరుచుకోలేదు.
ఉత్తరాలు వేసే కంతలోంచి చూస్తే
మెట్ల కింద కూలబడి ఉంది,
చెప్పొకటి నాలుగో మెట్టు మీద.
"లేచాను. ఇల్లు తిరిగింది," అంది,
తప్పంతా ఇంటిదే అన్నట్టు.

క్లినిక్‌లో మెరెరిద్ పెట్టెలన్నీ బల్లమీద పరిపించింది.
పడుకోబెట్టి బీపీ చూసింది, నిలబెట్టి మళ్లీ చూసింది.
రక్తం తీసింది, బరువు తూచింది.
తర్వాత, చిక్కుపడ్డ ఉన్నిలో కొస వెతికినట్టు,
"వీటిలో ముందొచ్చింది ఏది?" అని అడిగింది.

ముందొచ్చింది బీపీ మాత్ర.
దానికి చీలమండలు ఉబ్బాయి.
ఉబ్బుకి నీళ్ల మాత్ర.
నీళ్ల మాత్రకి కాలి బొటనవేలు నిప్పుల కుంపటైంది.
కుంపటికి ఇంకొక మాత్ర.
ఈలోగా ఎమ్లిన్ పోయాడు.
అతనితోపాటు వంటింట్లోంచి ఉప్పు మాంసం పోయింది,
ఆమె ఒంట్లోంచి పదహారు కిలోలు పోయాయి,
రక్తపోటు ఎవరికీ చెప్పకుండా మెట్లు దిగి వచ్చేసింది.
మాత్రకి ఆ కబురు అందలేదు.
చెప్పిన పని చెప్పినట్టు
పొద్దున్నే ఎనిమిదింటికి చేసుకుంటూ పోయింది.

"అయితే ఇన్నేళ్లూ ఊరికే మింగానా?"
డిలిస్‌కి కోపం వచ్చింది.
"ఊరికే కాదు. అప్పటి మీకు కావాలి అవి."
"అప్పటి నేను ఇప్పుడెక్కడున్నాను?"

అప్పుడు తట్టింది నాకు.
అడ్రసు ఒక్కసారీ తప్పలేదు నేను.
పదిహేడో నంబరు, ఆకుపచ్చ తలుపు.
కాకపోతే ఆ ఇంట్లోంచి ఎప్పుడో వెళ్లిపోయిన ఆడమనిషికి
నెలనెలా మందులు మోశాను.

డాక్టరు కూడా చూసి ఒకటి ఆపారు, ఒకటి సగం చేశారు.
తక్కినవి ఒక్కొక్కటిగా చూద్దామన్నారు.
"మీ అంతట మీరు ఏదీ మానకండి,"
మెరెరిద్ రెండుసార్లు చెప్పింది.
థైరాయిడ్ పెట్టెని డిలిస్ గుప్పిట్లో దాచుకుంది.
"అది ఉండాల్సిందే, ఇటివ్వండి," అని నవ్వింది మెరెరిద్,
కాకపోతే మోతాదు చూడాలట.

ఇప్పుడు నేను కుడి సగాలు చదువుతున్నాను.
గుమ్మాల దగ్గర నిలబెట్టి తేదీలు చెబుతుంటే
కొందరు విసుక్కుంటారు, కుక్కల్ని పిలుస్తారు.
మొన్న డిలిస్ తలుపు పూర్తిగా తీసింది.
"వానేనా?" అనలేదు.
"మరి నీది చదివావా?" అంది.

నా కోటు జేబులో కడుపుమంట మాత్రలు,
ఆరేళ్ల నుంచి.
ఎవరు మొదలెట్టారో, ఏం తిని మొదలైందో
వ్యానులో కూర్చుని చాలాసేపు ఆలోచించాను.
అద్దం మీద వైపర్లు అటూ ఇటూ ఊగాయి.

గురువారం తొమ్మిదిన్నరకి ఖాళీ ఉందట.